గంట కొట్టి పంపించారు

బోరు పడిన నూట పన్నెండో ఏడు. పెన్న అనే నా నీళ్ళ పుస్తకం.

రోజు 1. ఐదుసార్లు. గొట్టాలు 15.

ఈరోజు నాకు గంట కొట్టారు. పద్దెనిమిది నిండాయి కాబట్టి పిల్లల వార్డుకీ నాకూ ఇక పొత్తు లేదట.

ఆచారాలన్నీ జరిగాయి. వార్డు బయటి గోడ మీద నా పేరు ఆకుపచ్చ రంగుతో రాశారు. పేరు పక్కన "నయమైంది" అన్న మాట బాలంక రాసింది. నాకంటే ముందు గంట కొట్టించుకున్నది తనే. ముందు వెళ్ళినవాళ్ళు వచ్చి వెనకవాళ్ళకు ఆ మాట రాయాలి, అది పద్ధతి. తర్వాత నా నీళ్ళ పుస్తకాలు పదీ, ఎనిమిదో ఏటి నుంచి రోజూ ఒంటికి పోసిన లెక్క రాసినవి, నా చేతులతోనే గుజ్జుతొట్టిలో వేశాను. మా ఊళ్ళో కాగితం కరువు. పాతవి నానబెట్టి కొత్తవి చేస్తారు. అందరూ చప్పట్లు కొట్టారు, అమ్మ ఏడ్చింది. డాక్టరమ్మ రమిజాబీ నా నోట్లో బెల్లంముక్క పెట్టి, పదిహేను గొట్టాలు చేతిలో పెట్టి, మిగతావి పెద్దల వైపువాళ్ళు ఇస్తారని చెప్పింది.

పుస్తకం మొదటి పేజీ కొత్త మనిషికి చెప్పినట్టు రాయాలని నేర్పింది కూడా ఆవిడే. కాబట్టి రాస్తున్నాను. నేను పుట్టినప్పుడు నా మూత్రసంచి కడుపు బయట ఉంది. డాక్టరమ్మ నాలుగు ఆపరేషన్లు చేసి దాన్ని లోపల పెట్టింది. సంచి చాలకపోతే పేగుముక్క అతికించింది. కింది దారి మూసేసి, బొడ్డులో చిన్న దారి పెట్టింది. నాలుగు గంటలకోసారి ఆ దారిలో పన్నెండో నంబరు గొట్టం పెట్టి ఖాళీ చేసుకుంటాను. పేగుముక్క జిగురు ఊరుస్తుంది కాబట్టి పడుకోబోయే ముందు ఉప్పునీళ్ళతో కడుగుతాను. మధ్యమధ్య ఉడకబెట్టుకుంటే ఒక గొట్టం ఒక రోజు వస్తుంది.

ఇదంతా పెద్దయ్యాక సర్దుకుంటుందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. పెద్దయ్యాను. ఈ సాయంత్రం బొడ్డు చూసుకున్నాను. ఏమీ సర్దుకోలేదు.

రంగు ఆరకముందే బాలంక నా చెవిలో, "గొట్టాలు దాచిపెట్టుకో మే" అంది. ఎగతాళి అనుకుని నవ్వాను. తన మొహం పాలిపోయి ఉంది. అప్పుడే అడగాల్సింది.

రోజు 5. ఐదుసార్లు. గొట్టాలు 11.

పెద్దల సందులో గది ఇచ్చారు. ఆకుకూరల అరల్లో పని ఇచ్చారు. గోంగూర, చుక్కకూర, పాలకూర. మా ఊళ్ళో పోయినవాళ్ళను ఈ అరల మట్టిలోనే కలుపుతారు, ప్రతి అరకీ రేకు మీద వాళ్ళ పేరు, వయసు ఉంటాయి. మొదటి రోజు కొంచెం బెరుకుగా అనిపించింది. రెండో రోజుకి ఆకలేసింది.

ఈ పుస్తకం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నయమైనవాళ్ళకు నీళ్ళ పుస్తకం ఉండదట. విత్తనాల సంచుల కాగితం కుట్టుకుని రాస్తున్నాను. పదేళ్ళ అలవాటు, రాయకపోతే అన్నం సయించదు.

రోజు 9. ఐదుసార్లు. గొట్టాలు 7.

పెద్దల వైద్యశాలకు వెళ్ళాను. టోకెన్ తీసుకుని, మోకాళ్ళనొప్పుల ముసలివాళ్ళ మధ్య మూడు గంటలు కూర్చున్నాను. మధ్యలో లేచి బొడ్డుపని చూసుకుని వచ్చేసరికి నా వంతు దాటిపోయింది. మళ్ళీ టోకెన్.

డాక్టర్ తిప్పేస్వామి నడివయసువాడు, మర్యాదస్తుడు. నా నంబరు కొట్టి తెరను నా వైపు తిప్పాడు. పద్దెనిమిదేళ్ళ నా బతుకు అందులో ఒక్క మాటగా ఉంది. నయమైంది. కింద తేదీ, అంతే. నాలుగు ఆపరేషన్లూ లేవు, పేగుముక్కా లేదు.

నేను చొక్కా ఎత్తి చూపించాను. ఆయన వంగి చూసి, ఈ రంధ్రం ఇబ్బందిగా ఉంటే ఒక పూటలో మూసేయొచ్చని సాయం చేస్తున్నట్టు చెప్పాడు. నాకు నవ్వు వచ్చింది, వెంటనే భయమేసింది. గొట్టాలు అడిగితే కొట్టులోకి మనిషిని పంపాడు. అక్కడ పద్దెనిమిదో నంబరువి ఉన్నాయి. నా దారిలో అవి పట్టవు. పన్నెండోది పిల్లల వార్డువాళ్ళు సొంత అచ్చుతో పోసుకుంటారట. పిల్లలకే ఇస్తారట.

పరీక్ష చేసి, నీళ్ళలో జిగురూ క్రిములూ ఉన్నాయని గట్టి మందు రాసిచ్చాడు. పేగుముక్క ఉన్నవాళ్ళకు అవి ఎప్పుడూ ఉంటాయి సార్ అన్నాను. తెర మీద అలా లేదు కదమ్మా అన్నాడు. ఆయన తప్పు కాదు. తెర మీద లేదు.

రోజు 12. నాలుగుసార్లు. గొట్టాలు 6.

ఒక గొట్టాన్ని మూడు రోజులు వాడుతున్నాను. ఉడికీ ఉడికీ గట్టిపడి లోపల గీసుకుంటోంది.

వార్డుకు వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళు నా వేలు తగలగానే తెరుచుకున్న తలుపు ఈరోజు తెరుచుకోలేదు. కటకటాల దగ్గరకు డాక్టరమ్మ వచ్చింది. లోపలి నుంచే నా చెయ్యి పట్టుకుంది, తింటున్నావా అని అడిగింది, చిక్కిపోయావంది. గొట్టాల మాట ఎత్తగానే చెయ్యి వదిలింది. పెద్దల వైపు మళ్ళీ అడగమంది. నీ నంబరు మూసేశాక ఇక్కడి నుంచి ఒక్కటి తీసినా సామాన్ల కొట్టువాళ్ళు లెక్కలో పట్టుకుంటారంది. నేను నమ్మాను. ఆవిడ చెబితే నమ్మడం తప్ప నాకు ఇంకోటి రాదు.

అమ్మకు చెప్పుకుంటే, "నయమైందని రాసినారు గదా, ఇంగేంటికి ఆ గొట్టం? మానుకొని చూడు" అంది. మానుకుంటే సంచి పగులుతుందమ్మా అన్నాను. డాక్టరమ్మ అబద్ధం రాస్తుందా అని ఎదురడిగింది. పద్దెనిమిదేళ్ళు నా మంచం పక్కన కూర్చున్న మనిషి, గోడ మీది రంగును నమ్మింది గానీ నన్ను నమ్మలేదు.

రోజు 19. నాలుగుసార్లు. గొట్టాలు 4.

వాపసుగది దగ్గర ఎర్రదీపం వెలిగింది. మా ఊళ్ళో ఎవరి నీళ్ళయినా వాపసు చెయ్యాల్సిందే, శుద్ధయి మళ్ళీ అందరి కుండల్లోకీ వస్తాయి. పిల్లల వార్డుకు వేరే జల్లెడ ఉంది. పెద్దల సందు జల్లెడ నా జిగురుకి పూడిపోయింది. సందు మేస్త్రీ అందర్నీ నిలబెట్టి ఎవరి పని అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. కారణం చెబుతుంటే పక్కగది ఆవిడ పిల్లను వెనక్కి లాక్కుంది.

నాకు వేరే బకెట్టు ఇచ్చారు. దాని మీద నా పేరు రాసి ఉంది. వార్డులో రెండో ఏట కూడా నాకు పేరు రాసిన బకెట్టు ఉండేది, దాని మీద చిలకబొమ్మ కూడా ఉండేది.

రోజు 24. రాయలేదు.

రోజు 26. గొట్టాలు 3.

మొన్నటిది ఈరోజు రాస్తున్నాను.

జిగురు గడ్డకట్టి గొట్టం మూసుకుంది. ఆరు గంటలు ఏమీ రాలేదు. చలిజ్వరంతో పళ్ళు టకటక కొట్టుకుంటుంటే గోంగూర అర పక్కన పడిపోయానట. వైద్యశాలలో నలుగురు చేరి కింది నుంచి గొట్టం పెట్టాలని చూశారు. కింద దారి లేదని అరిచాను. జ్వరం పలవరింత అనుకున్నారు. రెండోసారి ప్రయత్నిస్తుంటే ఒకామె చెయ్యి కొరికాను. అప్పుడు ఆగారు.

నా చేతిసంచిలోంచి కొత్త గొట్టం తీసి, నేనే బొడ్డులో పెట్టుకున్నాను. అందరూ చూస్తుండగా తొమ్మిదివందల మిల్లీలు వచ్చాయి, చీము, కొంచెం నెత్తురు.

తిప్పేస్వామి స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "నాకిది తెలీదమ్మా. నేర్చుకోల్యా, చూసింది కూడా ల్యా. నువ్వు చెప్పు, నేను రాసుకుంటా" అన్నాడు. ఇన్ని రోజుల్లో నాకు దొరికిన మొదటి నిజం మాట అది. మొదటి పేజీలో రాసిందంతా చెప్పాను. ఆయన పెన్సిలుతో, బడిపిల్లాడిలా రాసుకున్నాడు.

రోజు 30. ఐదుసార్లు. గొట్టాలు 2.

ఇంటికి పంపారు. నా ఎడమ కిడ్నీ పుట్టుకతోనే కుంటిది, ఇన్నాళ్ళూ కుడిదే బండి లాగింది. ఈ జ్వరంలో కుడిదాంట్లో నాలుగోవంతు పోయిందట. ఇలాంటిది ఇంకో రెండుసార్లు వస్తే చాలని తిప్పేస్వామి దాచకుండా చెప్పాడు.

పన్నెండో నంబరు అచ్చు కొన్నాళ్ళు అరువివ్వమని ఆయన వార్డుకు చీటీ రాశాడట. జవాబు చూపించాడు. "ఈ వస్తువు పిల్లలది. రోగి నంబరు మూసివేయబడినది. రోగికి నయమైనది." కింద రమిజాబీ సంతకం. ఆ సంతకం నాకు బాగా తెలుసు. నా పది పుస్తకాల్లో వారానికొకటి ఉండేది, పక్కన చిన్న పువ్వుతో. ఈ చీటీ మీద పువ్వు లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత ఇదే.

నీకు ముందు ఇలాంటివాళ్ళు ఎవరూ లేరా, మా వైపు ఒక్కరు కూడా నమోదు కాలేదే అని ఆయన అడిగాడు. ఎందుకు లేరు? వార్డులో మూడో వరుస మంచాలన్నీ మావే. గోడ మీద పేర్లు వరుసల ప్రకారమే ఉంటాయి. వెళ్ళి రాసుకొచ్చాను. మూడో వరుస కింద పద్నాలుగు పేర్లు, పద్నాలుగు నయమైందిలు.

రోజు 31. ఐదుసార్లు. గొట్టాలు 2.

పేర్లు పట్టుకుని పనికి వెళ్ళాను. ఎక్కడ వెతకాలో నాకు తెలుసు, నెలరోజులుగా నీళ్ళు పోస్తున్నది నేనే.

పాలకూర అరలో గంగులమ్మ, ఇరవై ఆరు. చుక్కకూరలో ఖాజా, ముప్పై ఒకటి. మెంతిలో సుంకన్న, పంతొమ్మిది. ఒక్కో రేకు తుడిచి చూస్తూ పోయాను. పద్నాలుగు మందిలో పన్నెండు మంది అక్కడే ఉన్నారు. ఒక్కరికీ ముప్పై ఐదు దాటలేదు.

చివర గోంగూర అర. నేను పడిపోయినది దాని పక్కనే. రేకు కొత్తది, ఇంకా మెరుస్తోంది, రోజూ దాటిపోతున్నా ఎప్పుడూ చదవలేదు. బాలంక, పంతొమ్మిది. తేదీ చూస్తే నాకు గంట కొట్టిన పదహారో రోజు.

దాచిపెట్టుకో అంది. తన దగ్గర అప్పటికే ఒక్కటీ లేదేమో. నాకు ఆ మాట రాసిన చేతికి రాయడం ఇష్టమైందో లేదో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మట్టిలో చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మేస్త్రీ కేకేసినా లేవలేదు.

రోజు 34. ఐదుసార్లు. గొట్టాలు 7.

నా పేరు కాక మిగిలిన ఒక్క పేరు మద్దిలేటి, గోడ మీద అన్నిటికంటే పైన ఉన్నది. ఊరికి నీళ్ళు తోడే మంచుబోరు దగ్గర ఫిట్టరు, నలభై ఆరేళ్ళు. అంత వయసు మావాళ్ళకు వస్తుందని నాకు తెలియదు. నేను ఏమీ చెప్పకుండా చొక్కా ఎత్తాను. ఆయన చుట్టూ చూసి తనదీ ఎత్తాడు. బొడ్డులో అదే దారి.

ఇరవై ఎనిమిదేళ్ళుగా బోరు మిషను సన్న పైపులు కోసి, అంచులు వేడిచేసి నున్నగా చేసుకుని బతుకుతున్నాడు. పెళ్ళానికి తప్ప ఎవరికీ తెలియదు. ఊరు మొత్తంలో తనొక్కడికే నయం కాలేదని, అది తన ఒంటి లోపమని ఇన్నాళ్ళూ అనుకున్నాడట. అందుకే సిగ్గుపడి దాచుకున్నాడు. నేనూ మొదటి వారం అదే అనుకున్నాను.

ఆ మాట ఎందుకు రాస్తారో ఆయన చెప్పాడు. "మా కాలంలో రోగిష్టోళ్ళకి అర వాటా నీళ్ళే ఇస్తాండ్రి. డాక్టరమ్మ అప్పుడు కొత్త. నయమైందని రాసి మాకు నిండు వాటా ఇప్పిచ్చింది. ఆ తల్లి రాయకుంటే నేను అప్పుడే సచ్చిపోయింటా."

ఇప్పుడు కూడా అర వాటా ఉందా అని అడిగాను. ఆయన నవ్వాడు. ఆ నియమం తీసేసి ఇరవై ఆరేళ్ళయిందట.

నాకు ఐదు గొట్టాలిచ్చాడు. వీడ్కోలు చెప్పేటప్పుడు, తన వెనక వచ్చిన గంగులమ్మకు ఆ మాట తనే రాశానని, తర్వాత ఒక్కసారి కూడా వెళ్ళి ఎలా ఉన్నావని అడగలేదని చెప్పాడు. ఆమె పాలకూర అరలో ఉందని నేను చెప్పలేదు. ఆయనకు తెలుసనుకుంటాను.

రోజు 36. ఐదుసార్లు. గొట్టాలు 6.

కటకటాల దగ్గర నిలబడి డాక్టరమ్మ కోసం కబురు పెట్టాను. వచ్చింది. పేర్ల కాగితం లోపలికి ఇచ్చాను, పక్కన వయసులు రాసి. చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

అర వాటా సంగతి ఎత్తింది. అదే ఎత్తుతుందని తెలుసు.

"ఆ నియమం పోయింది గదా డాక్టరమ్మా. ఎప్పుడు తెలిసింది మీకు?"

కాగితం మడిచి చెప్పింది. "పోయిన రోజే తెలిసింది."

తెలియదేమో, ఎవరూ చెప్పలేదేమో, పాత అలవాటు కొద్దీ రాసిందేమో అని దారంతా ఆవిడ తరఫున నేనే వాదించుకుంటూ వచ్చాను.

"నయం కాదు, జన్మంతా గొట్టం ఉండాల అని మీ అమ్మలకు చెప్పల్ల. నా చేతనయింది ఇంతే అని చెప్పల్ల. గంట కొట్టేనాడు ఆ మొహాలు చూసి నోరు రాల్యా తల్లీ" అంది. ఏడుస్తోంది కూడా. చిన్నప్పుడు ఆవిడ ఏడిస్తే నేను కన్నీళ్ళు తుడిచేదాన్ని. ఈరోజు తుడవలేదు.

"నయమైనోళ్ళకి ఎవరన్నా గొట్టాలు చేస్తారా? నయమైనోళ్ళకి ఎవరన్నా డాక్టర్లని తయారుచేస్తారా?" అని అడిగాను. "మేం లేమని రాసినారు. పెద్దల వైపోళ్ళు మేం లేమనే అనుకున్నారు."

అచ్చు అడగలేదు. అడుక్కోవడం నాకు చేత కాలేదు ఆ పూట.

రోజు 40. ఐదుసార్లు. గొట్టాలు 5.

వార్డు నుంచి కబురు. మూడో వరుస సిద్దమ్మకు రేపు గంట. వచ్చి ఆ మాట రాయాలి. పద్ధతి ప్రకారం నన్ను పిలవక తప్పదు వాళ్ళకు.

రోజు 41. ఐదుసార్లు.

వెళ్ళాను. బెల్లం, చప్పట్లు కొట్టేవాళ్ళు, గుజ్జుతొట్టి, అన్నీ ఉన్నాయి. సిద్దమ్మ కొత్త పావడా కట్టుకుని పది పుస్తకాలు గుండెకు హత్తుకుని నిలబడింది. దాని అమ్మ అప్పుడే ఏడుస్తోంది. కుంచె నా చేతికిచ్చారు. డాక్టరమ్మ గంట తాడు పట్టుకుని నా వైపు చూడకుండా నిలబడింది.

సిద్దమ్మ పేరు పక్కన రాశాను: నయం కాలేదు. రోజుకో గొట్టం, పన్నెండో నంబరు, బతికినన్నాళ్ళూ.

చప్పట్లు మొదలై ఆగిపోయాయి. తర్వాత గోడ మీద పై పేర్లకు వెళ్ళాను. మద్దిలేటి దగ్గర, నా దగ్గర ఆ మాట కొట్టేసి "గొట్టంతో బతికున్నారు" అని రాశాను. మిగిలిన పన్నెండు మందికీ పక్కన వయసు రాశాను. బాలంక దగ్గరికి వచ్చేసరికి రంగు అయిపోయింది. గిన్నె అడుగు గీకి పంతొమ్మిది వేశాను. సిద్దమ్మ అమ్మ నన్ను తిట్టింది, పండగపూట నోట్లో మట్టి కొట్టావంది. తిట్టనీ. నా బిడ్డకు ఇలా చేస్తే నేనూ తిట్టేదాన్ని.

"సిద్దమ్మా, ఆ పుస్తకాలు తొట్లో ఎయ్యొద్దు. ఎత్తుకొని నాతో రా" అన్నాను. అది తల్లిని చూసింది, డాక్టరమ్మను చూసింది. నేను చొక్కా ఎత్తి, జ్వరం తర్వాత ఎర్రగా వాచిన బొడ్డు చూపించాను. మూడో వరుసలో పెరిగిన పిల్లకు అంతకంటే చెప్పక్కర్లేదు. వచ్చింది.

గంట మాత్రం ఎవరూ కొట్టలేదు.

రోజు 43. నేను ఐదు, సిద్దమ్మ ఐదు. గొట్టాలు ఇద్దరికీ కలిపి 16.

సిద్దమ్మను తీసుకుని పెద్దల వైద్యశాలకు వెళ్ళాను. తిప్పేస్వామి దాని పది పుస్తకాలూ చూసి, ఒక పూటంతా ఇంకెవరినీ పిలవకుండా చదివాడు. ఒక మనిషి పదేళ్ళ లెక్క అంతా ఒకచోట ఉంటే ఎలా ఉంటుందో ఆయన మొదటిసారి చూస్తున్నాడు. బయట బల్ల మీద నేను, మద్దిలేటి, మోకాళ్ళనొప్పుల ముసలివాళ్ళు. మద్దిలేటి తల దించుకునే ఉన్నాడు గానీ వచ్చాడు.

మధ్యాహ్నం తలుపు దగ్గర డాక్టరమ్మ కనిపించింది. ఆవిడ ఈ వైపుకు ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ రాలేదట. చంకలో గుడ్డ చుట్టిన బరువైనది ఏదో ఉంది. గుడ్డ అంచులోంచి ఇత్తడి మెరిసింది. అచ్చు. కొట్టును ఎలా ఒప్పించిందో, అసలు ఒప్పించిందో లేదో నాకు తెలియదు. ఎటు పోవాలో తెలియక గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల నిండా జనం కూర్చుని ఉన్నారు. నన్ను చూసింది.

నేను లేచి చోటివ్వలేదు. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ గదిలోకి వస్తే నేను లేవకపోవడం ఇదే మొదటిసారి.

టోకెన్ ఎక్కడ తీసుకోవాలో మాత్రం చెప్పాను.